మూడు అనకముందే

మా బాబాయిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇద్దరు ఒకే సీటుకి ఒకేసారి టికెట్ బుక్ చేస్తే ప్రోగ్రామ్ తికమక పడుతుందేమో చూడాలి, ఏ పరీక్షని నమ్మొచ్చో తేల్చాలి. ఆ పరీక్షని మిషన్‌తోనే నడిపిస్తే అంతా బాగుందంటుంది. ఇదివరకు రెండో లాప్‌టాప్ దగ్గర పిన్ని కూర్చునేది. ఆవిడ పోయాక రెండిట్లోనూ బటన్ ఆయనే నొక్కుకుంటున్నాడు, తనతో తనే పేకాడుకుంటున్నట్టు.

“తప్పు దొరకట్లేదురా. రెండు చేతులూ నావే కదా, కూడబలుక్కుంటున్నాయి.”

నేను పిన్ని కుర్చీలో కూలబడ్డా. మూడు అనగానే నొక్కమని చెప్పి ఆయన “ఒకటి, రెండు” అన్నాడో లేదో నొక్కేశా. ఆయన ఉలిక్కిపడి తనూ నొక్కాడు. ఒకే సీటు ఇద్దరికీ వచ్చేసింది.

“మూడు అననిస్తేగా, వెధవా.”

“పిన్ని అననిచ్చేదా?”

“ఒక్కసారీ అననివ్వలేదు.”

బాబాయి ఆ కుర్చీ వంక చూసి, రిపోర్టులో రాశాడు: ఈ పరీక్షకి ఇద్దరు మనుషులు కావాలి.