వనపర్తి బడిలో ఆరడుగుల అద్దాల తొట్టి

1992 వేసవిలో నన్ను గద్వాల నుంచి వనపర్తికి మత్స్య అభివృద్ధి అధికారిగా బదిలీ చేశారు. చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, మత్స్యకారుల సంఘాల పనులు చూడడం నా విధులు. ఆ వానకాలంలో బాలికల ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు సరోజనమ్మగారు మా కార్యాలయానికి వచ్చారు. కర్నూలులో మూతపడిన ఒక లాడ్జిలోని ఆరడుగుల అక్వేరియం కొని, పాఠశాల కమిటీ అధ్యక్షుడు బడికి ఇచ్చారట. దాన్ని సైన్సు గదిలో నిలబెట్టి పెట్టాలని అడిగారు. అధ్యక్షుడు లారీల యజమాని. తన లారీలోనే గడ్డి పరిచి తెచ్చి, ప్రారంభోత్సవానికి కార్డులు కూడా పంచేశారు.

అంత తొట్టి నిండితే ఏడు క్వింటాళ్ల పైన తూగుతుంది. అందుకని ముందు నేల చూసుకోవాలి. సైన్సు గదిలో షాబాద్ బండలను ఒక్కొక్కటిగా తట్టి, బోలుగా మోగిన చోటు వదిలేసి, గోడ పక్కన గట్టి చోటు ఎంచాను. ఇనుప స్టాండు మీద రసమట్టం పెట్టి వాలు సరిచేయించాను. దాని మీద మందపాటి చెక్క, చెక్క మీద థర్మకోల్ పరవాలి. అడుగున చిన్న రాయి ఉన్నా బరువంతా అక్కడే పడి అద్దం చిట్లుతుంది.

వాడిన తొట్టితో అసలు భయం అతుకులది. ఏళ్ల తరబడి ఎండిన తొట్టిలో అద్దాలను పట్టి ఉంచే సిలికాన్ జిగురు పెళుసెక్కుతుంది. అందుకే లోపలికి తేకముందే బడి ఆవరణలో, కింద పాత పేపర్లు పరిచి, కొద్దికొద్దిగా నీళ్లు పోయించాను. సగం దాకా చుక్క రాలేదు. ముప్పావు నిండాక ఒక మూల పేపరు తడిసింది.

అధ్యక్షుడు వంగి చూసి తేలిగ్గా నవ్వారు. "గింతేనా సార్? డీజిల్ ట్యాంకు కారితే మా డ్రైవర్లు సబ్బు మెత్తుతరు. హైదరాబాద్ దాకా చుక్క కారదు. జర సబ్బు తెప్పించుండ్రి."

సబ్బు నీళ్లలో కరిగితే చేపల మొప్పలు పాడవుతాయని చెప్పాను. పైకి చెమ్మ ఆగినా లోపల అతుకు విడుతూనే ఉంటుందని కూడా చెప్పాను.

సరోజనమ్మగారు నన్ను ఒక్కటే అడిగారు. "మా పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తరు సార్. అట్ల నిలబడొచ్చా, నిలబడొద్దా?"

నిలబడకూడదన్నాను.

"అయితే నీళ్లు పోసేది లేదు," అన్నారామె.

అధ్యక్షుడి ముఖం మాడిపోయింది. "కార్డులు పంచినం మేడం! పెద్దసార్లు వస్తున్నరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"రానీయన్నా. వచ్చినోళ్లకు ఖాళీ తొట్టే చూపిస్త. నీ ఇజ్జత్‌కేం గాదు, నాది పూచీ."

ఆమె అన్నంత పనీ చేశారు. సభలో తొట్టిని ఖాళీగానే నిలబెట్టి, తడిసిన పేపరును పక్కన పెట్టించారు. పదో తరగతి అమ్మాయిలు ఆ మూల చూపించి, నీటి ఒత్తిడి అడుగున ఎందుకెక్కువో అతిథులకు వివరించారు. దాత దొడ్డమనసును ఆమె మనసారా మెచ్చుకున్నారు. అతిథులు చప్పట్లు కొట్టారు. అంతదాకా తల వంచుకు కూర్చున్న అధ్యక్షుడు చివరికి లేచి నమస్కారం పెట్టారు. హైదరాబాద్ నుంచి సిలికాన్ తెప్పించింది ఆయనే.

పాత జిగురు మీద కొత్తది అంటదు. అందుచేత అతుకులన్నీ బ్లేడుతో గీకి శుభ్రం చేసి కొత్తది వేశాం. ఆరుతున్నప్పుడు పుల్లటి వాసన వస్తుంది. అది పూర్తిగా పోయేదాకా ముట్టుకోలేదు. మళ్లీ ఆరుబయట నింపి చూశాం. ఈసారి పేపరు పొడిగానే ఉంది. తొట్టిని స్టాండెక్కించాక, గాలి మోటారు తీగను ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా కట్టించాను. తీగ వెంట జారే నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా కిందనే రాలిపోతుంది. నీళ్లు కుదురుకున్నాక ముందు నాలుగు చిన్న గప్పీ చేపలను మాత్రం వదిలాం. అవి హుషారుగా తిరగడం చూశాకే మిగతా చేపలు వచ్చాయి.

ఆ రోజు అధ్యక్షుడు అద్దం ముందు చాలాసేపు నిలబడి, "మేడం, మీరు సబ్బు మెత్తనియ్యకపోతిరి, మంచిగైంది!" అన్నారు. ఆమె నవ్వి, "నీ లారీకి మెత్తుకో అన్నా," అన్నారు.

తర్వాత నేను పనిచేసిన ఊళ్లలో చాలా తొట్లు పెట్టించాను. నిండుగా నీళ్లు పోసిన తొట్టి కింద పేపరు పొడిగా ఉందని చూసుకున్నాకే ప్రారంభోత్సవానికి తేదీ అడిగేవాణ్ని.