సుభద్రక్క కెప్టెన్

నిన్న పొద్దున బెళ్ళందూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు.

సుభద్రక్క పోయిందట.

"ఏ సుభద్రక్క?" అని అడిగాను. తెలియక కాదు. ఇంకెవరైనా అయితే బాగుండునని.

మధ్యాహ్నానికే అంత్యక్రియలన్నీ అయిపోయాయి. సాయంత్రం మళ్ళీ అదే ట్రాఫిక్‌లో ఇంటికి వచ్చాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

కంప్యూటర్ ఆన్ చేస్తే మన సిరీస్ ఫ్యాన్స్ గ్రూప్‌లో ఒకటే గోల. మళ్ళీ ఎవరో కొత్త హీరో అట. ముక్కు బాలేదని ఒకరు, గొంతు బాలేదని ఇంకొకరు. ఎన్నోసారి ఈ రామాయణం? మిగతావి చదవకుండానే మూసేశాను.

తెలియనివాళ్ళకు చెప్తున్నాను. అది ఒక అంతరిక్షనౌక కథ. ఏళ్ళ తరబడి నడుస్తున్న ఇంగ్లిష్ సిరీస్. నౌక అదే ఉంటుంది, కొన్నేళ్ళకోసారి కెప్టెన్ మారతాడు. అంటే హీరో మారతాడు.

నాకు ఆ పిచ్చి అంటించింది సుభద్రక్కే.

తొంభైల్లో మేం బళేపేట వెనక సందులో ఇళ్ళన్నీ ఒకే ఆవరణలో ఉండే ఒక వఠారంలో ఉండేవాళ్ళం. అందరం అనంతపురం, హిందూపురం వైపు నుంచి వచ్చినవాళ్ళమే. కేబుల్ కనెక్షన్ అక్కవాళ్ళ ఇంట్లోనే ఉండేది. అక్క ఒక హార్డ్‌వేర్ కొట్లో టైపిస్టు. వఠారం మొత్తానికి ఇంగ్లిష్ వచ్చింది ఆమె ఒక్కదానికే.

ఆదివారం సాయంత్రం అందరం వాళ్ళింట్లో చేరేవాళ్ళం. అక్క టీవీ పక్కన కూర్చుని, అనపకాయలు ఒలుస్తూ, కెప్టెన్ ఇంగ్లిష్‌లో అన్నది అన్నట్టు తెలుగులో చెప్పేది.

ఎదురుగా మంచం మీద అక్క మామగారు, వెంకటప్ప తాత. పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది. మాట కొద్దిగా తిరిగొచ్చింది గానీ ఆయన నోరు విప్పేవాడు కాదు. మాట్లాడిస్తూ ఉండండి, లేకపోతే ఆ ఉన్న మాటా పోతుందని డాక్టర్ చెప్పాడు. కొడుకు పలకరించినా, అక్క పలకరించినా గోడ వైపు చూసేవాడు.

ఒక్క కెప్టెన్‌తో మాత్రం మాట్లాడేవాడు.

"ఆ పక్క పోవద్దప్పా, వాళ్ళు మోసగాళ్ళు" అని టీవీకి చెప్పేవాడు. అక్కకు అదే పెద్ద పండగ.

ఒక ఆదివారం కథలో కెప్టెన్‌కు జబ్బు చేసింది. ఆయన్ని ఏదో గ్రహంలో దింపేసి నౌక వెళ్ళిపోయింది. ఆ తర్వాతి వారం కుర్చీలో కొత్తవాడు.

వఠారం అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది.

"గాలి కొడితే పడిపోయేట్టుండాడు."

"మీసం లేదు, ఏం లేదు. వీడేం కెప్టెన్?"

"ఊరికే పళ్ళు బయటపెట్టి నగతా ఉండాడు చూడు."

తాత అన్నది ఒకటే. "ఆపెయ్యమ్మా."

మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ వారమంతా ఆయన నోట ఒక్క మాట రాలేదు. అక్క మొహంలోకి చూడలేకపోయాం.

తర్వాతి ఆదివారం ఎవరు వద్దంటున్నా అక్క టీవీ పెట్టింది. కొత్త కెప్టెన్ కుర్చీలో కూర్చుని ఏదో అడిగాడు.

అక్క చెప్పింది: "నాకు ముందు ఈ కుర్చీలో ఉన్న ఆయప్ప ఎట్లుండాడు? అన్నం తింటా ఉండాడా? ఆయన్ని అడక్కుండా నేను దారి మార్చను."

తాత మొహం మెల్లగా ఇటు తిరిగింది.

"అట్ల అడిగినాడా?"

"అడిగినాడు మామా."

"పర్వాలేదే. పెద్దా చిన్నా తెలిసినోడే."

అంతే. తాత మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు. కొత్త కెప్టెన్‌ను తిట్టాడు, సలహాలిచ్చాడు, ఒకసారి పక్కింటివాళ్ళు వీణ్ణి వెక్కిరిస్తే వాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నాడు. మెల్లగా వఠారం కూడా ఒప్పుకుంది. వారం వారం పాత కెప్టెన్‌ను తలుచుకునేవాడు, భయపడేవాళ్ళకు ధైర్యం చెప్పేవాడు, ఎవరికి నచ్చడు? నాకైతే అలాంటి కెప్టెన్ మళ్ళీ రాలేదు.

రెండువేల సంవత్సరం తర్వాత ఉద్యోగంలో చేరి, డీవీడీలు కొనుక్కుని, సబ్‌టైటిల్స్ పెట్టి చూశాను.

ఆ ఎపిసోడ్‌లో కొత్త కెప్టెన్ అడిగింది, ఇంధనం ఎంత ఉందని.

పాత కెప్టెన్ ఊసే లేదు. మిగతా ఎపిసోడ్లన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు.

నేరుగా అక్క దగ్గరికే వెళ్ళాను. తాత పోయి అప్పటికి చాలా కాలమైంది. అక్క హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కొడుకు ఫ్లాట్‌లో ఉంటోంది. నేను అడగ్గానే నవ్వింది. బాగా అలిసిపోయిన మనిషి నవ్వు.

"ఏం చేసేదప్పా? మామ మాట్లాడల్ల కదా. వారమంతా కొట్లో టైపు కొడతానే, ఆదివారం వాడేం అనల్లో యోచన చేసుకుంటా ఉంటి."

తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పొద్దు. నాకూ వాడు నచ్చలేదు. పాత ఆయప్పే నా హీరో" అంది.

నచ్చనివాడి నోటి నుంచి అన్ని మంచి మాటలు పలికించింది మా అక్క. అన్నేళ్ళు.

ఇద్దరం నవ్వుకున్నాం. కాఫీ తెచ్చి ఇస్తూ ఇంకో మాట కూడా చెప్పింది.

"మామ పొయ్యేకి ముందు నన్ను పిలిచినాడప్పా. నేను ఆ ఇంటికి పోయినప్పట్నుంచి ఒక్కసారీ బాగుండాది అన్నోడు కాదు. కూర బాగున్నా అనడు. 'ఆ పిల్లోనికి చెప్పుమ్మా, వాని మాటలు వింటా ఉంటే నాకు బతకల్ల అనిపిస్తా ఉండె అని' అన్నాడు. సరే మామా, చెప్తాలే అంటి."

తన కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ఎవరికి చెప్పేదప్పా?"

ఆ రోజు కాఫీ తాగి వచ్చేశాను.

అక్కా, తాత ఆ మాట పంపింది నీకే. ఆయనకు తెలియకపోయినా నీకే.

ఇక ఎవరినీ మాట్లాడించే పని లేదు నీకు. హాయిగా నిద్రపో, అక్కా. ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.