తాళం వేసిన ఇల్లు: మా సలోమక్క

నిన్న పొద్దున సూర్యాపేట బస్టాండ్‌లో డ్యూటీ బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది.

"సలోమక్క పోయిందిరా."

ఏ సలోమక్క అని అడిగాను. తెలిసి కూడా అడిగాను.

బ్రెయిన్ స్ట్రోక్. మిర్యాలగూడ దవాఖానకు తీసుకెళ్లేలోపే అంతా అయిపోయింది. బీపీ బాగా ఉండి ఉంటుందని, చాన్నాళ్ల నుంచే ఉండి ఉంటుందని డాక్టర్ అన్నారట.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అక్క మిర్యాలగూడ దగ్గర మా పీహెచ్‌సీలో ఏఎన్ఎం. నేను అక్కడే డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. ఆమె ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చేది, నేను కంప్యూటర్‌లో ఎక్కించేవాణ్ని. ఏడేళ్లు.

ఇన్ని జ్వరాలు అని నేను నంబర్ చెప్పగానే ఆమె నోట్లోంచి ఒకటే మాట వచ్చేది.

"ఎంతమందిలరా?"

ఈ ఒక్క మాటతో నా ప్రాణం తీసేది.

ఒక వానాకాలం పెద్ద ఊళ్లో ఇరవై జ్వరాలు, పక్క తండాలో తొమ్మిది. క్యాంప్ ఊళ్లోనే అని అందరం ఫిక్సయిపోయాం. అక్క ఒప్పుకోలేదు.

"ఊర్ల మూడు వేల మంది ఉన్నరు సార్. తండాల రెండొందల మంది గూడ లేరు. గండం ఎవరికి ఎక్కువున్నదో మీరే సూడుండ్రి."

డాక్టర్‌గారు క్యాంప్ తండాకు మార్చారు. ఆ రోజు మా అందరి మొహాలూ చూడాలి!

ఇంకోసారి బీపీ రిపోర్టులో పాత పేషెంట్లనీ ఆ నెల కొత్తగా బయటపడ్డవాళ్లనీ కలిపేశాను. "ఉన్నోళ్లు వేరు, కొత్తగ వచ్చినోళ్లు వేరు. కలిపి రాస్తే రోగం పెరుగుతున్నదా తగ్గుతున్నదా ఎట్ల తెలుస్తది?" అని చెడామడా తిట్టింది. తిట్టి, తన టిఫిన్ బాక్స్ నా వైపు తోసింది. నేను పొద్దున ఏమీ తినలేదని ఆమెకు ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఇల్లిల్లూ బీపీ కొలిచే సర్వేకి వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే "తాళం" అని రాస్తారు. ఆ ఇళ్లవాళ్లను నేను మొదట్లో బాగున్నవాళ్లలో కలిపేసేవాణ్ని. అక్క ఊరుకోలేదు. "తాళం ఉంటే రోగం లేనట్టా? సూడనోళ్లను మంచిగున్నోళ్లల్ల కలపొద్దు." డ్యూటీ అయిపోయాక ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లి కొలిచి వచ్చేది.

ప్రతి విడతలోనూ ఒక ఇల్లు మాత్రం తాళంగానే మిగిలేది.

అది ఆమె ఇల్లే. బావ రైస్ మిల్లు లారీ మీద, ఆమె సర్వేలో. తన ఇంటి నంబర్ పక్కన తనే "తాళం" అని రాసుకునేది.

పోయిన నెల లిస్టులో అది ఒక్కటే మిగిలింది. రిపోర్టు నూటికి నూరు శాతం ఇవాళే కావాలని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. అక్క పక్క గదిలోనే టీకాల రిజిస్టర్ రాసుకుంటోంది. బీపీ మెషిన్ నా టేబుల్ మీదే ఉంది.

"అక్కా, ఒక్కసారి ఇటొచ్చి చెయ్యియ్యి."

"రేపు సూద్దాంలేరా. ఊరందరికి కొలిచేదాన్ని, నాకేమైతది?"

ఇద్దరం నవ్వుకున్నాం.

నేను ఆమె పేరు పక్కన "నార్మల్" అని కొట్టి రిపోర్టు పంపేశాను. ఆమెకు చెప్పలేదు. ఆ రేపు మళ్లీ రాలేదు. ఈ మధ్య తలనొప్పి అంటే కూడా ఎండ దెబ్బ అనుకున్నాం.

నిన్న ఇంటి దగ్గర దేవయ్య బావ నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"తమ్మీ, మీ కంప్యూటర్ల మా సలోమికి బీపీ ఉన్నట్టు ఉన్నదా? మనకు ముందుగాల తెలిసేదా?"

"నార్మల్ అనే ఉంది బావా" అన్నాను.

"అయితే మనమేం జేద్దుం, తమ్మీ" అని తనే నన్ను ఓదార్చాడు.

ఈ మధ్యాహ్నం కోదాడ దగ్గర అనంతగిరిలో, ఆమె పుట్టిన ఊళ్లో మట్టి చేశాం. నేనూ గుప్పెడు మట్టి వేశాను. అప్పుడూ బావకు నిజం చెప్పలేదు.

బావా, ఇది నీకు ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. ఆ నార్మల్ కొలిచింది కాదు. నేను వేసింది. రేపు ఇంటికొచ్చి నీ ఎదురుగా కూడా చెప్తాను. కొడితే కొట్టు.

అక్కా, నువ్వు ప్రశాంతంగా పడుకో. నాకు మాత్రం ఆ ప్రశాంతత ఇప్పట్లో వద్దు.