పద్నాలుగు మిల్లీమీటర్లు

ఇంక్యుబేటరు తలుపు తీసినప్పుడల్లా పులిసిన గంజిలాంటి వెచ్చటి వాసన ముఖానికి కొడుతుంది. వెంటనే రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు. తొంభైలలో ఆవిడ కొత్తపేటలో ఒక మేడ మీద రెండు గదుల్లో రోగపరీక్షల ల్యాబ్ నడిపేవారు. ఇంటర్ తప్పి, లెక్కల పిచ్చి తప్ప మరేదీ లేని నన్ను రిపోర్టులు రాయడానికి పెట్టుకుని, పరీక్షలు చేయడం కూడా ఆవిడే నేర్పారు. రోగి చీమును ప్లేటులో గడ్డకట్టిన జెల్లీ మీద పూసి, ఆరు మందులు అద్దిన ఆరు కాగితపు బిళ్ళలు పెట్టి ఇంక్యుబేటరులో వెచ్చగా ఉంచితే, మర్నాటికి సూక్ష్మజీవులు పొరలా పెరుగుతాయి. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. దాన్ని స్కేలుతో కొలవాలి. వాటిలో జెంటామైసిన్ అనే మందుకి పదిహేను మిల్లీమీటర్లయినా ఉంటే పనిచేస్తుందని రాస్తాం. పన్నెండు దాటకపోతే చేయదు. మధ్యలో ఉంటే నమ్మలేం. నేను చేరిన కొత్తలో ఇరవైలు తరచుగా కనిపించేవి. ఏటికేడాదీ ఆ ఖాళీలు కుంచించుకుపోవడం నా చేత్తోనే రాశాను.

ఒకసారి గన్నవరం నుంచి వచ్చినావిడ సంచిలోంచి గొట్టం బిళ్ళల అట్ట, యాంటీబయాటిక్ క్యాప్సూళ్ళది, తీసింది. "మా ఆయన కువైట్ నుంచి తెచ్చేరండి. సబ్బులతో పాటు ఇంటికి నాలుగేసి పంచేమండి."

"నువ్వెన్ని వేసుకున్నావమ్మా?"

"రెండేసుకుంటే జొరం తగ్గిపోయిందండి. మిగతా రెండూ మా తోటికోడలికిచ్చేను."

"బాగుంది. ఇద్దరికీ రోగం సగం సగం మిగిలిందన్నమాట," అన్నారు రాజ్యలక్ష్మి గారు.

ఆవిడ వెళ్ళాక నాతో చెప్పారు: "రైతులు విత్తనానికి మంచి కంకులు ఏరతారు చూడు, మనమూ అదే చేస్తున్నాం. కోటి సూక్ష్మజీవుల్లో ఏ ఒక్కదానికో పుట్టుకలో తేడా వస్తుంది. మందు మిగతావాటిని చంపి దాన్ని విత్తనానికి ఉంచుతుంది. అది తన గుణం పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతికి కూడా ఇచ్చేస్తుంది."

అరగంటకోసారి రెట్టింపైతే పన్నెండు గంటల్లో ఒక్కటి కోటీ అరవై ఏడు లక్షలు దాటుతుందని కాగితం మీద వేసి చూపించాను.

"ఆయ్, లెక్క బాగుంది. ఇంక నీకు నిద్రపట్టదు," అని నవ్వారు.

మరో పదేళ్ళకి, చక్కెర జబ్బున్న రాజ్యలక్ష్మి గారి కాలికే పుండు పడింది. జ్వరం పట్టుకుంది. ఆ చీమును నేనే ప్లేటు మీద పూశాను. ఏదో ఒక మందు పనిచేస్తే ఇక్కడే ఇంజెక్షన్లు, లేదంటే ఆ పూటే కాకినాడ పెద్దాసుపత్రి అన్నారు డాక్టరు గారు. "కాకినాడ మాత్రం వద్దు అబ్బాయ్, కాలు తీసేస్తారు," అని ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

అయిదు బిళ్ళల చుట్టూ ఖాళీయే లేదు. జెంటామైసిన్‌ది పద్నాలుగు. మూడుసార్లు కొలిచినా పద్నాలుగే.

"ఎంత?" అన్నారు మంచం మీంచి.

"పదిహేనండి."

"స్కేలు సరిగ్గా పెట్టేవా?"

"ఆయ్, పెట్టేనండి."

ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నాలుగో రోజుకీ జ్వరం దిగలేదు. ఫ్రిజ్‌లో దాచిన ప్లేటు తెప్పించుకుని ఆవిడే కొలిచారు.

"లెక్కల్లో ఘనుడివి కదా. పదిహేనుకి ముందు ఏ అంకె వస్తుంది?"

ఆ సాయంత్రమే కాకినాడ తీసుకెళ్ళాం. మోకాలి దాకా తీసేశారు. అప్పటికే విషం రక్తంలోకి ఎక్కింది. ఆవిడ తిరిగి రాలేదు. ఆ నాలుగు రోజులు ముందే వెళ్ళుంటే బతికేవారా అని అప్పుడప్పుడు లెక్క వేస్తాను. ఒక్కో విలువా మార్చి చూస్తాను. ఏదీ తేలదు.

ఇప్పుడు వేరే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ముందు అంకె రాస్తాను. ఆ తర్వాతే తలెత్తి మనిషి ముఖం చూస్తాను. మొన్న ఒక రిపోర్టులో ఆరు మందుల గళ్ళలోనూ పనిచేయదని రాసి తలెత్తితే, ఎదురుగా చంటిపిల్ల తండ్రి నిలబడి ఉన్నాడు.

"ఏదో ఒకటి ఉంటుంది కదండీ?" అన్నాడు.

"ఈ ఆరింటిలో లేదండి," అన్నాను.