మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టిన షార్లెట్ ప్రయాణం

నేను షార్లెట్ వెళ్ళింది ఊరు చూడటానికి కాదు, పోట్లాడటానికి. ఈ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకీ నాకూ మంచిది. మా క్యారీ ఊరి తెలుగువాళ్ళ బేస్‌బాల్ జట్టుని కొత్తగా కడుతున్నానని కెప్టెన్ రవి ఈ వేసవిలో ప్రకటించాడు. ఆ కట్టడంలో ఊడబెరికి పక్కన పెట్టిన పాత ఇటుక మా తమ్ముడు శేషగిరి. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మరదలు సరళ రాస్తోంది. మొగుడి సంగతి కాబట్టి మొహమాటపడి అక్కడక్కడా మెత్తగా మార్చాలని చూస్తోంది. ప్రతి ముక్కా మళ్ళీ చదివించుకుని వింటున్నాను, ఆ పప్పులు నా దగ్గర ఉడకవు.

శేషగిరి నాకంటే పదిహేనేళ్ళు చిన్న. మందుల పరిశోధన చేసే కంపెనీలో ఉద్యోగం. మేము అమెరికా వచ్చిన కొత్తలో ఆదివారాలు మన మగవాళ్ళంతా ఎవరో ఒకరింట్లో చేరి, వీసాల గురించి మాట్లాడుకుని, వడియాలు నమిలి, ఇళ్ళకి పోయేవాళ్ళు. క్రికెట్ ఆడదామంటే ఎదుట నిలబడటానికి ఇంకో జట్టు లేదు. ఊరివాళ్ళు ఆడేదే మనమూ ఆడదామని పార్కు ఆఫీసుకి వెళ్ళి జట్టు పేరు నమోదు చేయించి వచ్చినవాడు శేషగిరి. బంతి కాస్త పెద్దది, చేతిని కిందుగా ఊపి వేస్తారు కాబట్టి దీన్ని సాఫ్ట్‌బాల్ అనాలని సరళ సరిదిద్దుతోంది. మా ఇంట్లో బేస్‌బాల్ అనే అంటాం. మొదటి రెండు వేసవులు ఒక్క ఆట గెలవలేదు. మూడో వేసవి ఒకటి గెలిచాం, అవతలి జట్టులో సగం మంది రాలేదు కాబట్టి. మడత కుర్చీ, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని ప్రతి ఆటకీ వెళ్ళాను. ఓడిపోయే జట్టుని చూడటానికి ఓపిక కావాలి, అది నాకు కావలసినంత ఉంది.

ఈ వేసవిలో క్రికెట్‌లో మనవాళ్ళు ప్రపంచ కప్పు గెలిచారని ఇండియా నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు నుంచి కుర్రాళ్ళ కాళ్ళు నేల మీద లేవు. అప్పుడే రవి కెప్టెనయ్యాడు. వరంగల్ పిల్లాడు, కంప్యూటర్ ఇంజినీరు, చురుకైనవాడు, అది కాదనను. యూనివర్సిటీ నుంచి నలుగురు విద్యార్థుల్ని తెచ్చాడు, తన ఆఫీసు నుంచి ఇద్దరు అమెరికన్లని తెచ్చాడు. మొదటి నుంచీ ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే తప్పించాడు. చివరికి మిగిలిన శేషగిరికి స్కోరు రాయడం, కారు నడపడం, నీళ్ళ డ్రమ్ము మోయడం అప్పజెప్పాడు. ప్రాక్టీస్‌లో రవిని పట్టుకుని అడిగాను.

“రీబిల్డ్ చేస్తున్నం పెద్దమ్మా. యంగ్ బ్లడ్ కావాలె. సారుకి రెస్ట్ ఇస్తున్న.”

“కారు వాడిది, నడిపేది వాడు, నీళ్ళు వాడివి. ఆట మాత్రం నీదా?”

“షార్లెట్ మ్యాచ్ అయినంక నెక్స్ట్ ఇయర్ టీమ్ డిసైడ్ చేస్త. అప్పుడు చూద్దాం.”

ఆడించని మనిషిని ఆటలో చూసి ఏం తేలుస్తాడో నాకు అర్థం కాలేదు. శేషగిరి మాత్రం “ఊరుకో అక్కా” అన్నాడు. ఇంటికొచ్చి ఆట బూట్లు కడిగి, తుడిచి, గరాజ్‌లో చెయ్యి అందనంత పై అరలో పెట్టేశాడు. అది చూశాక ఊరుకునే ప్రశ్న లేదు. షార్లెట్‌లో వాడికి ఒక్కసారైనా బ్యాటు చేతికి రాకపోతే వచ్చే ఏడు జట్టులో వాడు ఉండడు. అందుకని నేనూ కారెక్కాను.

శనివారం పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. క్యారీ నుంచి షార్లెట్‌కి పెద్ద రోడ్డు మీద పోవాలంటే డర్హమ్ చుట్టూ తిరిగి రావాలి. మేము అరవై నాలుగు నంబరు రోడ్డు పట్టుకుని పిట్స్‌బరో, సైలర్ సిటీ మీదుగా ఆష్‌బరో వెళ్ళి, అక్కడ నలభై తొమ్మిదో నంబరు రోడ్డుకి తిరిగాం. దారి పొడవునా పైన్ చెట్లు, కోళ్ళ షెడ్లు, చిన్న చిన్న చర్చీలు. గంటకి యాభై అయిదు మైళ్ళు దాటి నడపకూడదు కాబట్టి ఆగడంతో కలిపి మూడున్నర గంటలు పట్టింది. వెళ్ళేటప్పుడు ఒక్కసారి గ్యాస్, అంటే పెట్రోలు, నింపితే తిరిగి వచ్చేదాకా సరిపోయింది. వెనక సీట్లో సరళ పక్కన కిరణ్ కూర్చున్నాడు. రవి తెచ్చిన విద్యార్థుల్లో అందరికంటే గట్టిగా కొట్టేవాడు ఇతనే. విజయవాడలో కాలేజీ జట్టుకి క్రికెట్ ఆడి వచ్చాడు.

“ఇవాళ చూడండి ఆంటీ. మనం వరల్డ్ ఛాంపియన్స్ ఇప్పుడు.”

“ఆ కప్పు నువ్వు తెచ్చావా నాయనా?”

“నేను కాదనుకోండి. కానీ గేమ్ మన బ్లడ్‌లో ఉంది.”

“అయితే ఇవాళ కాస్త చేతుల్లోకి రానివ్వు” అన్నాను. శేషగిరి డ్రైవ్ చేస్తూ నవ్వాడు. వారం రోజుల్లో వాడు నవ్వడం అదే మొదలు.

సైలర్ సిటీ దాటాక రోడ్డు పక్క చిన్న హోటల్లో ఆగాం. మాంసం తిననివాళ్ళకి అక్కడ గ్రిట్స్ దొరుకుతుంది. మొక్కజొన్న రవ్వతో చేస్తారు, పోపు మరిచిపోయిన ఉప్మా అనుకోండి. పందికొవ్వు వేయకుండా ఇమ్మని ముందే చెప్పాలి. సంచిలోంచి మాగాయ సీసా తీసి నంచుకున్నాను. వడ్డించే ఆవిడ, నా వయసే ఉంటుంది, సీసా వంక చూసి ఎక్కడికి ప్రయాణమని అడిగింది. సరళ చెప్పింది. మీ జట్టు ఎలా ఆడుతుందంటే శేషగిరి దాచకుండా “ఓడిపోతుంది” అన్నాడు. “మా ఊరి పిల్లల జట్టూ అంతే హనీ. అయినా నేను వెళ్ళి గొంతు పోయేదాకా అరిచి వస్తాను” అంది నా భుజం తట్టి. ఆవిడ మాటలు సరళ తెలుగులో చెప్పక ముందే నాకు అర్థమయ్యాయి. కొసరు గ్రిట్స్‌కి బిల్లులో ఏమీ వేయలేదు.

పార్కు షార్లెట్ ఊరి బయట ఉంది. లోపలికి టికెట్ లేదు, కార్లు గడ్డి మీదే పెట్టుకోవాలి. చుట్టుపక్కల చిన్న జట్లన్నీ వేసవి చివర అక్కడ చేరి రోజంతా ఆడతాయి. బయటి తిండిని ఎవరూ అడ్డుకోరు, మా పులిహోర డబ్బాలని చూసి కాపలా ఆయన మూత తీయించి వాసన చూసి పంపాడు. చర్చి ఆడవాళ్ళు పెట్టిన కొట్లో నిమ్మరసం పావలా, అంటే వాళ్ళ పాతిక సెంట్లు. పదకొండింటికి మా ఆట. అవతల బట్టల మిల్లులో పనిచేసేవాళ్ళ జట్టు, ఒక్కొక్కరి భుజాలు తలుపంత. మనవాళ్ళు తలో రకం గళ్ళ చొక్కా వేసుకుని ఎవరి పెళ్ళికో వచ్చినట్టు నిలబడ్డారు. శేషగిరి బెంచీ చివర స్కోరు రాస్తున్నాడు.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఏడు వంతులు ఆడతారు, ఒక్కో వంతుకి మూడు ఔట్లు. కొట్టినవాడు బ్యాటు అక్కడే పడేసి, నేల మీద పరిచిన బేస్‌లు ఒక్కొక్కటే కాలితో తాకుతూ చుట్టి రావాలి. రెండో వంతులో కిరణ్ నిజంగానే బ్రహ్మాండంగా కొట్టాడు. బంతి దూరంగా కంచె దగ్గర పడింది. పిల్లాడు మొదటి బేస్ దాటి, బ్యాటు చేత్తోనే పట్టుకుని పరుగెత్తి, రెండో బేస్ దగ్గర వంగి, బ్యాటు కొన బేస్ మీద ఆనించి ఆగిపోయాడు. ఆగి మా వైపు తిరిగి నవ్వాడు. క్రికెట్‌లో బ్యాటు కొన గీత దాటితే చాలు కదా. ఇక్కడ కాలు పెట్టాలి. మిల్లు మనిషి తాపీగా వచ్చి బంతి ఉన్న గ్లవ్‌తో వీపు మీద తట్టాడు. అంపైర్ వేలెత్తి, “బాబూ, ఆ కర్రకి బేస్‌తో పని లేదు, నీ కాలికి ఉంది” అన్నాడు. పార్కంతా నవ్వింది. రవి టోపీ తీసి మొహం కప్పుకున్నాడు.

శేషగిరి నవ్వలేదు. పుస్తకం పక్కన పెట్టి లేచి వెళ్ళి, తల వంచుకుని వస్తున్న కిరణ్ భుజం మీద చెయ్యి వేశాడు. “మొదటి సమ్మర్‌లో నేను ఇదే పని నాలుగుసార్లు చేశాను. కొట్టగానే బ్యాటు వదిలెయ్. చేతులు ఖాళీ అయితే కాళ్ళు గుర్తొస్తాయి” అన్నాడు. ఆ తరువాత రవి మా తమ్ముణ్ణి మొదటి బేస్ పక్కన నిలబెట్టాడు, పరుగెత్తే పిల్లలకి బ్యాటు వదలమని అరవడానికి. అది జట్టుకి పనికొచ్చింది. నాకు సరిపోలేదు. అరిచేందుకైతే నేనున్నాను.

ఏడో వంతుకి వచ్చేసరికి మేము రెండు పరుగులు వెనక ఉన్నాం. అంత తక్కువ తేడా మాకు గొప్పే. ఇద్దరు ఔటయ్యారు, ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు. అంతకుముందు వంతులో బంతి పట్టబోయి కాలు బెణికించుకున్న అమెరికన్ కుర్రాడు ఇప్పుడు బ్యాటు పట్టాలి. అతను నిలబడలేడు. బదులుగా ఎవరు? ఆట చూడటానికి వచ్చిన అతని బావమరిదిని రవి కేకేశాడు. ఆ మనిషి మా జట్టులో లేడు, మా ఊళ్ళో కూడా లేడు. చేతిలో ఐస్‌క్రీమ్ ఉంది. నేను కుర్చీలోంచి లేచి గీత దాటి లోపలికి వెళ్ళాను.

“రవీ, ఇలా రా.”

“పెద్దమ్మా, మీరు గ్రౌండ్‌లకి రావొద్దు. గేమ్ నడుస్తాంది.”

“నడవనీ. శేషగిరి ఇక్కడే ఉండగా ఐస్‌క్రీమ్ తినేవాణ్ణి పిలుస్తావేం?”

“సారు ఏజ్ చూడున్రి. ఫిఫ్టీ టూ. మనం గెలవాలె.”

“గెలువు, నేను వద్దన్నానా? రేపు క్యారీలో ఎవరు గెలిపించారని అడిగితే ఏం చెప్తావు? ఫలానా ఆయన బావమరిది అంటావా?”

బెంచీ మీద కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. సరళ వెనకనుంచి నా చీర కొంగు పట్టుకుని లాగుతోంది. శేషగిరి పరుగున వచ్చాడు.

“అక్కా, సీన్ చేయకు. ప్లీజ్.”

“నువ్వు మాట్లాడవు కాబట్టి నేను మాట్లాడుతున్నాను. నీకు ఆడాలని ఉందా, లేదా? ఒక్క ముక్క చెప్పు, లేదంటే వెళ్ళి కూర్చుంటాను.”

వాడు బూట్ల వంక చూసుకున్నాడు. పై అరలోంచి ఆ బూట్లు ఎప్పుడు దించుకున్నాడో, నాకు తెలియకుండానే వేసుకొచ్చాడు. “ఉంది” అన్నాడు. నాకు కూడా సరిగా వినబడనంత మెల్లగా.

“మీరు ఎన్నడు అడగలే కద సార్” అన్నాడు రవి.

“తీసేసేటప్పుడు నువ్వు వాణ్ణి అడిగావా?” అన్నాను నేను.

అంపైర్ గడియారం చూసుకుంటున్నాడు. రవి బ్యాటు తీసి మా తమ్ముడి చేతికిచ్చాడు. నేను వెళ్ళి కూర్చున్నాను. మొదటి బంతిని శేషగిరి వదిలేశాడు. రెండోది కొట్టాడు. బంతి పైకి లేచింది, బాగా పైకి, నిట్టనిలువునా. కింద నిలబడిన మిల్లు మనిషి గ్లవ్ తెరిచి పట్టుకున్నాడు. ఆట అయిపోయింది. ఓడిపోయాం.

రవి నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. “చూసిన్రా పెద్దమ్మా?”

“చూశాను. ఇవాళ మనవాళ్ళు ఇరవై ఒక్కసార్లు ఔటయ్యారు. అందులో వాడిది ఒకటి. మిగతా ఇరవైకి ఎవరెవర్ని ఇంటికి పంపుతావో చెప్పు, వింటాను.”

మొదట నవ్వినవాడు కిరణ్. రెండో బేస్ దగ్గరి ఔటు కూడా ఆ లెక్కలోదే మరి. రవి మా డబ్బాల దగ్గర కూర్చున్నాడు. పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు, మూడోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు. నాలుగింటికి మేము కారెక్కుతుంటే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“సార్, వచ్చే సండే ప్రాక్టీస్. మీరు రావాలె.”

“కారు తేవడానికా?” అని నేనే అడిగాను.

“ఆడెటందుకే పెద్దమ్మా. నెక్స్ట్ ఇయర్ కూడా. ఈ పోరగాళ్ళకి బేస్‌లు ఎట్ల తిరగాల్నో చెప్పెటోడు ఒకడన్న ఉండాలె టీమ్‌ల.”

శేషగిరి “సరే రవీ” అని మాత్రం అన్నాడు. ఆష్‌బరో దాకా కారు మామూలుగా నడిపాడు. తరువాత వాడు స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టాడు.

కొత్తవాళ్ళు రావద్దని నేను అనడం లేదు. రానివ్వండి, నాలుగు ఊళ్ళ నుంచి రానివ్వండి, బావమరుదులూ పేరు నమోదు చేయించుకుని రానివ్వండి. కానీ జట్టుని కట్టడమంటే ఓడినవాళ్ళ మొహాలు కనబడకుండా చేయడం కాదు. చేయదగిన తప్పులన్నీ చేసి, అయినా మళ్ళీ ఆదివారం బూట్లు కట్టుకుని వచ్చిన మనిషి కంటే గట్టి పునాది ఎక్కడ దొరుకుతుందో నాకు చూపించండి. ఈ ఏడూ మేము ఆఖరునే ఉన్నాం. వచ్చే ఏడూ ఉంటామేమో. ఆఖరున ఉండేది మా జట్టే అయితే నాకు సిగ్గేమీ లేదు. రవి మాట ఇచ్చాడు, మంచి పిల్లాడు. అయినా కిటికీ దగ్గర చెప్పిన మాట వినడానికి అక్కడ నలుగురమే ఉన్నాం. చదవడం రాని దాన్ని ఇంత కష్టపడి దీన్ని మన తెలుగు అసోసియేషన్ పత్రికలో అచ్చు వేయిస్తున్నది అది అందే ఇళ్ళన్నీ సాక్ష్యం ఉంటాయని. సరళ ఈ వాక్యం తీసేద్దామంది. ఉండనిమ్మన్నాను.

వచ్చే వేసవి షార్లెట్ పార్కుకి వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. కుర్చీలు మీరే తీసుకెళ్ళండి, మూడో బేస్ వైపు వేసుకోండి. మధ్యాహ్నం దాటాక నీడ అటే వస్తుంది, కెప్టెన్ కూడా అటే నిలబడతాడు, గొంతు పెంచకుండానే మీ మాట అతనికి వినబడుతుంది.