గోడవతల చేదయిన చాయ

రెండువేల పదకొండుల సంగతి. బచ్చన్నపేటల మా ఇంటెనుక రేకుల అర్ర ఉంటది, అదే నా కట్టెపని జాగ. తెలంగాణ కొట్లాట మస్తు జోరు మీదున్న రోజులు. భూపాలపల్లి దిక్కు బొగ్గు బాయిలు బంద్ పెడితే మాకు కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. దర్వాజలు చేయించుకునేటోళ్లు లేరు. అందరు జెండా కట్టెలే అడుగుతున్నరు. యాప చెక్కలు సన్నగ చీరుడు, కొసలు గీకుడు, కట్టలు కట్టుడు, గదే నా పని. నాకు సదువు లేదు, నోటితోని చెప్తుంటే రాస్తున్రు. పనిల తప్పుంటే నన్నడగున్రి, అక్షరాలల్ల తప్పుంటే నన్నడగకున్రి.

మా ఆయన వడ్లపని, అంటే వడ్రంగం, చేసెటోడు. పెండ్లయిన కాడికెల్లి రంపానికి అవతలి కొస నేనే పట్టుకున్న. చేతి రంపంతోని కోస్తే పొట్టు దొడ్డుగ ఉంటది, కాళ్లకాడ పడతది, ఊడ్చి పొయ్యిల పోసుకుంటం. కట్టర్ మిషన్ గట్ల కాదు. కరెంటు మీద పండ్ల బిళ్ల గిర్రున తిరుగుతది, పొట్టు పిండి లెక్క లేస్తది. లేచింది కిందికి దిగదు. మనం పీల్చుకున్నంక దిగుతది. ఆయన ఏండ్లకేండ్లు పీల్చిండు. మూతికి తువ్వాల కట్టుకున్నా, దగ్గి దగ్గి ఎండిపోయి పానమిడిసిండు. పిల్లలు లేరు. నాకు మిషనొక్కటి మిగిలింది.

నేనన్న బతకాలె గదా అని వెనుక గోడకు కంత కొట్టించి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిచ్చుకున్న. అర్రల గాలిని బయటికి నూకే పంకా అది. అది తిరిగితే అర్రంత తేటగయ్యేది. గోడవతల కిరాణ దుకాణపోళ్ల పెరడు, ఖాళీ జాగ, ఎవరుండకపోయేది.

తర్వాత ఆ ఇంటి పెద్దామె అనసూయమ్మకు దమ్ము లేచింది, ఊపిరి సలపకపోయేది. జనగామ దవాఖానల చూపెడితే దుమ్ముకు దూరముంచున్రి అన్నరట. దుకాణంల మిరపకాయ బస్తాల ఘాటుతోనే అనుకొని కొడుకు పరేషానై, తల్లి మంచం దీసి పెరట్ల రేకుల కింద ఏసిండు. సక్కగ నా ఫ్యాను ముందట.

నాకైతె మంచిగనే అనిపిచ్చింది. ఫ్యాను బందున్నప్పుడు ఆమె రెక్కల సందులకెల్లి పిలుస్తుండె. "ఏమే లచ్చవ్వా, ఉన్నవా పోయినవా?"

"పోతే నీకెవరు చెప్తరమ్మా, నువ్వే తొంగి సూడాలె" అంటుంటి.

పొద్దంత నన్ను పేరు పెట్టి పిలిచే గొంతు అదొక్కటే.

ఒకనాడు కొట్లాటోళ్లు వంటావార్పని రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండిన్రు. ఊరంత ఆడనే. కరెంటు లేదు. నేను అర్రల కూసోని చేతి రంపంతోని కోసుకుంటున్న. అవతల అనసూయమ్మ పొద్దుగాల నుంచి ఒకటే ముచ్చట.

"తెలంగాణ వస్తె నీకేమొస్తదే?"

"కరెంటొస్తదంటున్నరమ్మా."

"వస్తె ఏం జేస్తవు?"

"ఇంకిన్ని జెండా కట్టెలు కోస్త."

"వచ్చినంక జెండా కట్టెలెవలికే, పిచ్చిదానా!" అని పకపక నవ్వింది. అంత నవ్వినా ఒక్క దగ్గు రాలే.

పొద్దువంగినంక కరెంటొచ్చింది. కట్టరేసిన, ఫ్యానేసిన. జర సేపటికే అవతల దగ్గు మొదలైంది. మొదలు రెండు పొడి దగ్గులు. ఆగుతది. ఆగినట్టే ఆగి, పేగులు తెగేటట్టు వస్తది. ఆ దగ్గు నాకెరుకే. అది మా ఆయన దగ్గు. మనిషి మట్టిల కలిసినంక దగ్గొక్కటి తిరిగొచ్చి గోడవతల కూసున్నట్టయింది. మిషన్, ఫ్యాను బందు పెట్టి కంత కాడికి పోయిన.

"అమ్మా, ఎట్లున్నది?"

"ఏమోనే, మా కోడలు చాయల ఏం కలిపిందో, నోరంత చేదు. పొద్దుగాల మంచిగనే ఉండె."

నా నోరు సుత చేదే ఉన్నది. యాప కోసిన నాడు మాకు చేదుంటది, అది పనిలున్నదే. గని ఆమె నోరెందుకు చేదు కావాలె? చుట్టు తిరిగి వాళ్ల పెరట్లకు పోయిన. దిండు మీద, చెంబు మూత మీద, చాయ గిలాస అంచు మీద సన్నటి పొట్టు. ఏలుతోని తీసి నాలిక మీదేసుకున్న. యాపదే.

ఇన్నొద్దులు నా అర్రలకెల్లి పోయిందనుకున్న పొట్టు యాడికి పోలే. జాగ మారింది గంతే.

"అమ్మా, గిది మిరపకాయల ఘాటు కాదు. నా పొట్టు" అన్న.

ఆమె నా ఏలు దిక్కు చూసింది. "నీ మొగన్ని తిన్నది సాల్లేదానె దానికి?" అన్నది. తిట్టిందో నవ్విందో సమజ్ కాలే.

"ఫ్యాను తీసేస్త."

"తీసేస్తె అది యాడికి పోవాలె? నీ రొమ్ములకే గదా."

"మూతికి గుడ్డ కట్టుకుంట."

"ఆయన కట్టుకోలేదా?"

ఆమె నా చెయ్యి పట్టుకొని, "నా కొడుకుతోని అనకు. నీ మిషనే బందు పెట్టిస్తడు. మిషన్ లేకుంటె ఏం తింటవు?" అన్నది.

తెల్లారి ఫ్యాను పీకేసి, కంతకు గోనె అడ్డం కుట్టిన. ఆమెకు దగ్గు తగ్గింది. నాకు మొదలైంది. గోనె అడ్డమొచ్చి ముచ్చట సుత బందైంది. నీళ్లు చల్లిన, తడి గోనెలు పరిచిన. కింద పడ్డ పొట్టు లేవకుంటయింది గని గాలిల లేచింది గాలిలనే ఉన్నది. తడికి కట్టె ఉబ్బింది, కట్టర్ బిళ్ల తుప్పు పట్టింది.

ఆ బిళ్ల సాన పట్టిద్దామని మా మరిది సత్తయ్య కొలిమికి పోయిన. ఆయన బ్లోయర్ తిప్పుతుండు. ఇనుప డబ్బ లోపల రెక్కలుంటయి, తిప్పితే నిప్పుల మీదికి గాలి కొడతది. నేను దాని పక్కపొంటి కూసుంటే నా కొంగును సర్రున గుంజింది.

"వదినా, జరుగు జరుగు, కొంగు పోతది!" అని మొత్తుకున్నడు.

"గిది ఊదేది గదా సత్తయ్యా, గుంజుడేంది?"

"ఊదాలంటె యాడనో ఓ కాడ పీల్చుకోవాలె గద వదినా."

నేను లేవలే. బిళ్ల సంగతి సుత మర్శిన. ఆయన కాడ కరెంటుతోని తిరిగే పాత బ్లోయర్ ఒకటి మూలకుండె, అడిగి తెచ్చుకున్న.

కట్టర్ బల్ల కింద, బిళ్ల పొట్టును ఎగజిమ్మే కాడనే, అనసూయమ్మ దుకాణంల ఖాళీ నూనె డబ్బ తెచ్చి గరాటు లెక్క కోసి బిగించిన. దానికో పైపు, పైపు కొస బ్లోయర్ పీల్చే నోటికి. ఊదే నోటికి సంచి కావాలె. గోనె సంచి కడితే పిండంత సందులకెల్లి బయటికొచ్చింది. సన్న నేత గావాలె. గాలి పోవాలె, పొట్టు ఆగాలె. సందుగ తెరిచిన. మా ఆయన పెండ్లి ధోతి ఉన్నది. జర సేపు ఒళ్లె పెట్టుకొని కూసున్న. ఎన్కసిరి రెండు మడతలేసి సంచి కుట్టిన, దూలానికి యాలాడదీసి కింద కొస ముడేసిన.

మిషన్, బ్లోయర్ రెండు ఏసిన. ధోతి లేచింది. నిలువుగ, మనిషి కట్టుకున్నట్టె నిండింది. బందు చేస్తే మెల్లగ కూలబడ్డది. ఇంకోసారి ఏసిన. కోసేటందుకు కట్టె లేకున్నా ఏసిన.

ఎన్కసిరి యాప చెక్క పెట్టి కోసిన. బల్ల పక్కకే చాయ గిలాస పెట్టుకున్న. కోసుడయినంక తాగి చూసిన. సల్లారింది గని చేదు లేదు. గోనె ఇప్పి కంతలకెల్లి పిలిచిన.

"అమ్మా, నీ చాయ ఎట్లున్నదే?"

"తియ్యగున్నదే. మా కోడలు శక్కర గుమ్మరిచ్చింది, నాకు ఇంకో రోగం దెస్తది!"

ఆ పొద్దు నేను నవ్విన నవ్వుకు నాకే దగ్గొచ్చింది.

రాష్ట్రమొచ్చినంక వాళ్లు జనగామల పెద్ద దుకాణం పెట్టిన్రు. ఇల్లంత సర్దుకొని పోయిన్రు. అనసూయమ్మ మంచం సుత బండెక్కిచ్చిన్రు. "నీ పొట్టు లేకుంటె నాకు తోచదే" అనుకుంట ఆటో ఎక్కింది. ఇప్పుడా పెరటికి తాళం.

ఇంట్ల కట్టెపని చేసుకునేటోళ్లకు నేను చెప్పేది గింతే. పొట్టును బయటికి నూకకున్రి, పుట్టిన కాడనే పట్టున్రి. బయట అంటే అది ఎవరో ఒకరి ఇల్లే. పొడిగ ఊడ్వకున్రి. సంచి దులిపేటప్పుడు గాలికి ఎదురు నిలబడకున్రి. అవతలోళ్ల నోరు చేదున్నదంటే, మీరు ఏం కోస్తున్నరో ఒకసారి చూసుకోన్రి.

కంత మాత్రం మూయలే. మిషనేసే ముందు అటు తిరిగి "అమ్మా, ఏస్తున్న" అంట. జర సేపు ఆగుత. ఎన్కసిరి ఏస్త. ధోతి లేస్తది.