మన గుంపులో పెట్టిన ప్రకటన

నిన్న ఎచ్చెర్లలో బస్సు కోసం నిలబడితే ఎదుటి గోడ మీద పోస్టరు కనిపించింది. కిడ్నీ జబ్బు పొడితో మాయమవుతుందట. గోరుతో గీకి గీకి చింపాను. అరవై దాటిన ఆడది గోడతో కుస్తీ పడుతుంటే జనం నిలబడి చూశారు. చూడనీ. నా కోపంలో సగం నా మీదే అని వాళ్లకేం తెలుసు.

మా వదినది ఇంటింటా కిడ్నీ రోగులుండే ఉద్దానం. అన్నయ్యకు డయాలసిస్ మొదలయ్యాక, అలాంటి ఇళ్లవాళ్ల కోసం ఫోనులో ఒక గుంపు పెట్టింది. ఎక్కడ మిషను ఖాళీగా ఉంది, ఎవరి ఆటో ఆసుపత్రి వైపు వెళ్తోంది, ఉప్పు లేని పులుసు నోటికి ఎక్కాలంటే ఏం చేయాలి, అన్నీ అందులోనే. గుంపు పెరిగి వెబ్‌సైటు అయింది. దాని ఖర్చు చూసే పని నాకు అప్పగించింది. సరిగ్గా అప్పుడే ఒక పొడి వ్యాపారి ఫోన్ చేశాడు. ఖర్చంతా తనదే, పైన చిన్న ప్రకటన వేస్తే చాలన్నాడు. బెల్లం లాంటి గొంతు. అన్నయ్యతో ఆసుపత్రిలో ఉన్న వదినను అడగకుండానే ఒప్పేసుకున్నాను. పెద్ద ఘనకార్యం చేశానని మురిసిపోయాను కూడా.

కళింగపట్నంలో చేపలమ్మే ఒకావిడ భర్త ఆ ప్రకటన చూశాడు. డయాలసిస్ మానేసి పొడి తాగాడు. ఒళ్లంతా వాచి, ఊపిరందక పోయాడు. నలభై రెండేళ్లు. వదినా నేనూ వెళ్తే ఆవిడ ఏడవలేదు. "మన గుంపులో ఎట్టినారు కదమ్మా. మనోళ్లే సెప్పినారనుకున్నాం," అంది. పెట్టింది నేనేనని చెప్పాను. లోపలికెళ్లి సగం మిగిలిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "అట్టుకెళ్లిపోండి."

తిరుగు బస్సులో వదిన అడిగింది. "మీ అన్నకి తాగించుదువేటి ఆ పొడి?"

"లేదు."

"మరి ఆళ్లకెందుకు సూపించినావు?"

ఆ రోజే ప్రకటన తీసేసి, జరిగిందంతా నా పేరుతో గుంపులో రాశాను. వ్యాపారికి ఫోన్ చేస్తే, "డయాలసిస్ మానమని నేను చెప్పలేదు కదండీ" అన్నాడు. పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు. అంతే.

రోగులకు ఏదైనా అమ్మేవాడి దగ్గర పైసా తీసుకోకూడదని వదిన తేల్చింది. ఇళ్లవాళ్లే తోచింది వేసుకోవాలి, లేనివాళ్లను అడగకూడదు, ఎవరెంత ఇచ్చారో బయటపెట్టకూడదు. ఖర్చు మాత్రం అందరికీ చూపాలి. వదినకు మావ వరసైన ఒకాయన అలిగాడు. "పెళ్లి సదివింపులైనా మైకులో సెప్తారు కదే." "మైకు గావాలంటే గుడికియ్యి మావా," అంది వదిన. డబ్బు చాలక వెబ్‌సైటులో ఫొటోలు పెట్టడం మానేశాం. అది బక్కచిక్కింది గానీ నడుస్తోంది.

చాలా కాలమైందిలే, మరిచిపో అంటారు. కాలం గడిచింది మాకు. ఆ పొడి తాగినాయన వయసు నలభై రెండు దగ్గరే ఆగిపోయింది. నాది మాత్రం సిగ్గు లేకుండా పెరుగుతూనే ఉంది.